నేను చంపిన మొక్క

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయవలసినదని మా తెలుగు పండితులవారు తరగతిలో సెలవిచ్చినప్పుడు, నేను మొదట వసంత ఋతువును గూర్చి వ్రాయదలచితిని. నాలుగు పంక్తులు వ్రాసి చూపితిని. వారు చదివి, కాగితమును తిరిగి నా చేతికిచ్చి, "అమ్మాయీ, కోకిలను గూర్చి ఏటేట ఇరువదిమంది వ్రాయుచున్నారు. నీవు స్వయముగా చూచినదేదైన వ్రాసి తెమ్ము" అనిరి. ఇంటికి పోయి ఆలోచింపగా, నేను కన్నులార చూచి, చేతులార చేసి, చక్కగా నెరిగిన విషయమొక్కటియే తోచినది. అది ఒక మొక్కను చంపుట. దానిని గూర్చి నలుగురు చదువు పత్రికలో వ్రాయుటకు మొదట మనసొప్పలేదు. మా తమ్ముని అడిగితిని. "వ్రాయుము, కాని నేను ఏడ్చితినని వ్రాయవద్దు" అని వాడు షరతు పెట్టెను. ఆ షరతును నేను పూర్తిగా పాటింపలేకపోవుచున్నాను. వాడు క్షమించుగాక.

మా యిల్లు గుంటూరులో నున్నది. 2023వ సంవత్సరము జూను నెలలో మా మేనమామ బెంగుళూరునుండి వచ్చుచు, అరచేతియంత ప్లాస్టిక్ కుండీలో నొక వింత మొక్కను తెచ్చెను. దాని పేరు వీనస్ ఫ్లైట్రాప్. ఈగలను పట్టి తిను మొక్కయని మామయ్య చెప్పగా ఇంటిల్లిపాదియు చుట్టును మూగితిమి. ప్రతి ఆకు చివరను తెరచిన ఆలుచిప్పవలె రెండు దొప్పలు. దొప్పల అంచుల వెంబడి ముండ్లవంటి పలువరుస. లోపల గులాబి రంగు. తెలుగులో దీనికి పేరు లేదు గనుక నేను "ఈగలబోను" అని పేరు పెట్టితిని. అప్పటికి ఏడేండ్లవాడైన మా తమ్ముడు దానికి "ఆకలిమొక్క" అని పేరు పెట్టెను. వాడు పెట్టిన పేరే ఇంటిలో నిలిచినది.

మా నాయనమ్మకు ఆ పేరు వినగానే జాలి కలిగినది. ఇంటికి వచ్చినది ఏదైనను ఆకలితో నుండరాదని ఆమె సిద్ధాంతము. మరునాటి మధ్యాహ్నము ఎవరును చూడకుండ ఒక పెరుగన్నపు మెతుకును తీసి ఆ దొప్పలో పెట్టెను. దొప్ప మూసికొన్నది. ఆమె సంతోషించినది. వారము తిరుగకుండ ఆ ఆకు నల్లబడి కుళ్ళినది. చార్లెస్ డార్విను పండితుడును ఈ మొక్కకు మాంసపు తునకలను, గ్రుడ్డులోని తెల్లసొనను పెట్టి చూచినవాడే. ఆయన ఫలితములను వ్రాసికొని 1875లో కీటకభక్షక వృక్షములను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మా నాయనమ్మ ఏమియు వ్రాసికొనలేదు. ఆమెకును ఆయనకును నడుమ నాకు కనబడిన భేదమింతియే.

ఆ మొక్క కదలు తీరు ఎట్టిదో చదువరులకు కొంచెము చెప్పవలెను. ఒక్కొక్క దొప్ప లోపలితట్టున సాధారణముగా మూడేసి సన్నని రోమములుండును. ఏదైన రోమము ఒకసారి తగిలినంత మాత్రమున బోను మూసికొనదు. ఇంచుమించు ఇరువది సెకనులలోగా రెండవసారి తగిలినచో మాత్రము మూసికొనును. వాన చినుకు పడినను, గాలికి పుల్ల రాలినను తగులుట సాధారణముగ ఒక్కమారే. ప్రాణము గలది అయినచో మరల కదలును. కావుననే ఆ రెండవ స్పర్శకై ఎదురుచూచుట. మూసికొనుట కది తీసికొను కాలము సెకనులో పదియవవంతు మాత్రమే. కండరములు లేని ఆకు అంత వేగముగా నెట్లు కదలగలదని 2005లో కొందరు శాస్త్రజ్ఞులు పరిశోధించిరి. వారిలో మన దేశమున పుట్టిన మహాదేవన్ గారొకరు. తిరునాళ్ళలో అమ్ము తగరపు కప్పబొమ్మను మీరెరుగుదురు. క్రింది రేకును నొక్కగా వంపు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు తటాలున తిరిగి "టిక్కు" మనును. తెరచియున్నప్పుడు వెలుపలికి వంగియుండు దొప్ప, మూసికొనునప్పుడు అట్లే తటాలున లోపలికి వంపు మార్చుకొనును. శబ్దము మాత్రము రాదు. రోమము తగిలినప్పుడు ఆకులో విద్యుత్తు ప్రసరించునని బర్డన్ శాండర్సన్ అను ఆంగ్ల వైద్యశాస్త్రజ్ఞుడు 1873లోనే కనుగొనెను.

మూసికొన్న వెంటనే బోను బిగుసుకొనదు. పళ్ళ నడుమ సందులుండును. మరీ చిన్న చీమ అయినచో ఆ సందులనుండి బయటపడవచ్చును. పెద్ద పురుగు లోపల గింజుకొన్నకొలది రోమములు మరల మరల తగిలి, దొప్పలు గట్టిగా అతుకుకొనును. ఇంచుమించు ఐదు తాకుడుల పిమ్మట జీర్ణరసములను సిద్ధము చేయ మొదలిడునని జర్మనీలోని వుర్జుబర్గు శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించిరి. అనగా ఈ మొక్క లెక్కపెట్టగలదు. ఐదు మొదలు పండ్రెండు దినములలో పురుగు సారమునంతయు పీల్చి, తొక్కను మిగిల్చి మరల తెరచుకొనును. ఒక్కొక్క బోను ఇట్లు కొద్దిసారులు మాత్రమే పనిచేసి, పిమ్మట ఎండిపోవును. ఊరక పుల్లతో పొడిచి మూయించినను ఆ లెక్కలోనిదే ఒకటి తరిగినట్లు.

మా తమ్మునికి ఆ సంగతి తెలియదు. నాకును అప్పుడు తెలియదు. వాడు సాయంకాలము బడినుండి రాగానే సంచి పడవైచి, అగ్గిపుల్ల యొకటి తీసికొని మొక్కయొద్ద కూర్చుండెడివాడు. ఒకసారి తాకి, పెదవులు కదల్చుచు ఒకటి, రెండు, మూడు అని లెక్కించి, రెండవసారి తాకెడివాడు. దొప్ప మూసికొనగానే చప్పట్లు కొట్టెడివాడు. అమ్మ చూచి, "పాపమురా, దానిని అట్లు హింసింపకు" అని పలుమారులు మందలించెను. వాడు వినలేదు.

ఇక నా సంగతి. ఆగస్టు నెలలో పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరుగవలసియుండెను. నేనప్పుడు ఎనిమిదవ తరగతి. ఈ మొక్కను పెంచి పెద్దచేసి, బల్లపై నిలిపి, ప్రథమ బహుమానమును గైకొనవలెనని నా సంకల్పము. కాని మొక్క అరచేతిని దాటి పెరుగదాయెను. జూలై మొదటి వారములో నొకనాటి రాత్రి అందరును నిద్రించిన పిమ్మట, నేను పెరటిలోనికి పోయి, దానిని ఆ చిన్న కుండీనుండి పెకలించి, మట్టికుండీలో నాటితిని. అడుగున పెరటి మన్ను. అందులో సగము మాగిన పశువుల ఎరువు. పైని నాన్నగారు కూరపాదులకై తెచ్చియుంచిన డి.ఏ.పి. గుళికలు ఒక చెంచాడు. పిమ్మట బోరునీటితో నిండుగా తడిపి పడుకొంటిని. ఎవరికిని ఎందుకు చెప్పలేదని యడిగిన, మొక్క ఒక్కసారిగా పెరిగినప్పుడు అందరును ఆశ్చర్యపడవలెనని నా కోరిక. ఉదయమున కుండీ మారినదేమని అమ్మ అడుగగా, పెద్ద కుండీ అయిన బాగుండునని మార్చితినంటిని. ఎరువు మాట చెప్పలేదు.

నాలుగవ దినమున ఆకుల అంచులు నల్లబడినవి. పదియవ దినమునకు నడిమి మొగ్గ మెత్తబడినది. మొక్కను పట్టి ఎత్తగా వేళ్ళు లేకుండనే చేతిలోనికి వచ్చినది. అమ్మ తమ్ముని పిలిచి, ఆ నల్లని ముద్దను చూపి, "చూచితివా? రోజును పొడిచి పొడిచి చంపితివి" అనెను. కోపముతో ననలేదు, విచారముతో ననెను. అది కోపముకన్న కఠినముగ నుండెను. వాడు నోరెత్తలేదు. అగ్గిపుల్లను జేబునుండి తీసి అవతల పారవైచి, గోడవైపు తిరిగి నిలుచుండెను. (ఇచటనే నేను వ్రాయరానిది యొకటి జరిగినది.) నేను ద్వారబంధము నానుకొని నిలిచియుంటిని. ఎరువే దీనికి కారణమని అప్పుడు నాకు నిశ్చయముగా తెలియదు. అయినను సందేహము మాత్రము కలిగినది. సందేహము కలిగియు నేను మాటాడలేదు. ప్రదర్శనములో నేను అగ్నిపర్వతపు బొమ్మను పెట్టితిని. దానికి ఏ బహుమానమును రాలేదు.

సందేహము నిశ్చయమైనది అక్టోబరు నెలలో. మా విజ్ఞానశాస్త్రపు మాస్టారు నత్రజనిని గూర్చి బోధించుచు, కీటకములను తిను మొక్కల ప్రస్తావన తెచ్చిరి. ఈ ఈగలబోను స్వస్థలము అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రముల సముద్రతీరము. విల్మింగ్టను అను పట్టణము చుట్టుప్రక్కల నూరు నూటయిరువది కిలోమీటర్లలోపల తప్ప ప్రపంచమున మరెచ్చటను ఇది సహజముగ పుట్టదు. అచటి దేవదారుజాతి చెట్ల నడుమ తడి ఇసుకనేలలో సారము మిక్కిలి తక్కువ. ఇతర మొక్కలు వేళ్ళతో తీసికొను నత్రజనిని ఇది పురుగులనుండి తీసికొనును. దీని వేళ్ళు నీటికొరకే గాని ఎరువుకొరకు గావు. అప్పుడప్పుడు కార్చిచ్చు వచ్చి పై గుబురు మొక్కలను కాల్చివేయవలెను; లేనిచో నీడ కప్పి ఇది నశించును. ఇన్ని సంగతులు చెప్పి మాస్టారు, "కాబట్టి దీనికి ఎరువు వేయుట విషము పెట్టుటయే" అనిరి. తరగతిలో నలువదిమందిమి కలము. ఆ వాక్యము నాకొక్కతెకే చెప్పినట్లుండెను.

మాస్టారు మరియొక మాట చెప్పిరి. దీని బంధువులు మన దేశములోను కలవు. డ్రోసెరా అను చిన్న మొక్కలు మన తెలుగునాట తడి ఇసుకనేలలలో, వానకాలపు చివర కనబడును. వాని ఆకులపై రోమముల కొనలందు మంచు బిందువులవలె జిగురు మెరయుచుండును. దోమవంటివి వ్రాలి అంటుకొనును. వర్షాకాలములో బయలు నేలలలో తిరుగునప్పుడు కాలిక్రింద పడకుండ చూచుకొనుడని మాకు చెప్పిరి. ఈగలబోనునకును వానికిని ఒకటే కుటుంబము.

తెలిసిన తరువాతనైన నేను చెప్పవలసినది. చెప్పలేదు. ఇన్ని దినములైనది గదా, వాడు మరచియుండునని అనుకొంటిని. 2024 జూలైలో వాని బడిలో వనమహోత్సవము జరిగి, పిల్లలకందరకు తలయొక వేపమొక్క ఇచ్చిరి. వాడు ఉత్తచేతులతో ఇంటికి వచ్చెను. నీ మొక్క యేదిరా యని నాయనమ్మ యడుగగా, "నా ప్రక్కవానికి ఇచ్చివేసితిని. నేను ముట్టుకొన్న మొక్క చచ్చిపోవును" అనెను. సంచి తగిలించి కాళ్ళు కడుగుకొనుటకు పోయెను. చాల మామూలుగా ననెను. వానరానున్నది, గొడుగు తీసికొనిపోవలెను అన్నట్లు.

నాటి రాత్రి నాకు అన్నము దిగలేదు. వాడు పడుకొన్న పిమ్మట వాని మంచముమీద కూర్చుండి లేపితిని. ఎరువు, గుళికలు, బోరునీరు అన్నియు చెప్పితిని. వాడు చాలసేపు కప్పువైపు చూచుచు, "ఎన్ని గుళికలు?" అని యడిగెను. ఒక చెంచాడని చెప్పితిని. "అయితే నా అగ్గిపుల్లవలన కాదా?" అనెను. ముమ్మాటికి కాదు, ఊరక మూయించుటవలన ఆకులు అలసియుండవచ్చును గాని చచ్చినది నా చేతనే యంటిని. వాడు నన్ను తిట్టునని ఎదురుచూచితిని. తిట్టలేదు. "అమ్మకు చెప్పుము. ఇప్పుడే చెప్పుము" అనెను. అప్పుడు రాత్రి పదకొండు గంటలు. ఇద్దరమును పోయి అమ్మను లేపితిమి. అమ్మ విన్నది. నన్నేమియు అనలేదు. వానిని దగ్గరకు తీసికొని తల నిమిరెను. వానితో ఏమి చెప్పెనో నాకు వినబడలేదు, వినబడవలసిన అవసరమును లేదు.

నా పుట్టిననాటి కానుకల సొమ్ము కొంత దాచుకొని యుంటిని. దానితో ఆగస్టులో మామయ్యచేత రెండవ మొక్కను తెప్పించితిని. బెంగుళూరు తోటలవారు అమ్మునవి ప్రయోగశాలలలో సీసాలయందు పెంచినవని కనుగొన్న తరువాతనే తెమ్మంటిని. ఏలయన కరోలినా అడవులలో దొంగలు వీనిని పెల్లగించి అమ్ముకొనుట పెచ్చు పెరుగగా, 2014లో ఉత్తర కరోలినా ప్రభుత్వము ఆ దొంగతనమును ఘోరనేరముగ నిర్ణయించినది. ఒకదానిని చంపినదానను, మరియొకదానిని దాని పుట్టినింటినుండి దొంగిలించిన పాపములో భాగము పంచుకొనుట నాకిష్టము లేకపోయెను.

ఈసారి మేమిద్దరము కలిసి పెంచితిమి. మొదట నీరు. మాస్టారి యొద్ద నీటిలోని లవణములను కొలుచు చిన్న సాధనము తీసికొని చూడగా, మా బోరునీరు 900 దాటి చూపినది. డాబామీద ఇత్తడి బిందెలో పట్టిన వాననీరు 12 చూపినది. ఈ మొక్కకు 50 దాటరాదని పెంపకము తెలిసినవారందురు. వానలు లేని నెలలలో ఏమి చేయుదుమా యని చింతించుచుండగా, తమ్ముడే ఉపాయము కనిపెట్టెను. నాన్నగారి గదిలోని ఏసీ గొట్టమునుండి రాత్రియంతయు కారు నీరు గాలిలోని తేమయే గదా, అదియు వాననీటివంటిదే గదా యని వాని తర్కము. కొలిచి చూడగా 20 లోపుగ నున్నది. వేసవి పొడుగునను ఆ నీటితోనే గడపితిమి.

పిమ్మట మన్ను. పీట్ మాస్ అను నాచు ఎరువులేనిది రెండు పాళ్ళు, పలుమారులు కడిగిన ముతక ఇసుక ఒక పాలు. మన యంగళ్ళలో సులభముగ దొరకు కొబ్బరిపొట్టును చాలమంది వాడుదురు. అందులో ఉప్పు మిగిలియుండును గనుక మాకు నమ్మకము చాలలేదు. కుండీ ప్లాస్టిక్‌దే. మట్టికుండీ గోడలనుండి లవణములు దిగును. కుండీక్రింద పళ్ళెములో వ్రేలి వెడల్పు నీరు ఎప్పుడును నిలువయుండవలెను. అందువలన ఒక చిక్కు వచ్చినది. ఆ పళ్ళెములో దోమపిల్లలు పుట్టినవి. ఈగలను తిను మొక్కను పెంచి ఇంటిలో దోమలను పెంచుచున్నారని నాయనమ్మ వీధివారికందరకు చెప్పినది. ఆ మాట నిజమే. మూడు దినములకొకసారి పళ్ళెము కడుగుట తమ్ముని పని యైనది. దోమల బాధ తీరునని ఆశించి ఈ మొక్కను కొనదలచువారెవరైన నుండినచో, ఆ సొమ్ముతో దోమతెర కొనుట మేలు. బోనులో పడునవి ఎక్కువగా చీమలును సాలీళ్ళును.

ఎండ కావలెను, రోజునకు ఐదారు గంటల తిన్నని ఎండ. కాని గుంటూరు మేనెల ఎండ కరోలినా ఎండ కాదు. ఏప్రిలు రాగానే పది గంటలవరకే ఎండ చూపి, పిమ్మట ఆకుపచ్చ వలనీడకు మార్చితిమి. ప్లాస్టిక్ కుండీని పెద్ద మట్టితొట్టిలో తడిఇసుక నడుమ నుంచి, నీళ్ళకుండను చల్లబరచినట్లు చల్లబరచితిమి. ఆహారమును గూర్చి మాకు పెద్ద శ్రమ లేదు. బయటనున్న మొక్క తన తిండి తానే సంపాదించుకొనును. ఎప్పుడైన చచ్చిన చీమను పెట్టినచో, అది గింజుకొనదు గనుక, దొప్పలను వెలుపలినుండి పుల్లతో మెల్లగా ఒత్తుచుండవలెను. లేనిచో అందు ప్రాణము లేదని తలచి మరునాటికి తెరచివేయును. ఈ ఒత్తు పని తమ్ముడు చేయవలెనని నేననగా, వాడు చాల దినములు వెనుదీసెను. అక్టోబరులో నొకనాడు తనంతట తానే అగ్గిపుల్ల తెచ్చెను. చేయి వణకుచుండెను. నేను చూడనట్లు వంటయింటిలోనికి పోతిని.

శీతకాలము మరియొక పరీక్ష. విల్మింగ్టనులో జనవరి రాత్రులు గడ్డకట్టునంత చలిగా నుండును. ఆ చలిలో ఈ మొక్క మూడు నాలుగు నెలలు నిద్రపోవును. ఏటేట ఆ నిద్ర లేకున్న బలహీనపడి చచ్చిపోవును. గుంటూరులో చలి యన నాయనమ్మ శాలువ కప్పుకొనుటయే. అందుచేత నవంబరు చివర మొక్కను పెకలించి, వేళ్ళు వాననీట కడిగి, ఎండుటాకులు కత్తిరించి, తడి నాచులో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఫ్రిజ్జులో కూరగాయల అరలో నుంచవలెను. ఈ మాట చెప్పగానే ఇంటిలో ఎంత కలకలము పుట్టెనో వర్ణింపలేను. పురుగులను తినునది పాలగిన్నె దాపున నుండుట నాయనమ్మ కెంతమాత్రము సరిపడలేదు. అమ్మ మూతగట్టి డబ్బా యొకటి ఇచ్చి సంధి చేసెను. పదునైదు దినముల కొకసారి బూజు పట్టెనేమోయని తెరచి చూచెడివారము. ఒకసారి వంకాయలకై చేయిపెట్టిన నాన్నగారు దానిని కొత్తిమీర కట్టయని బయటికి తీసిరి. వారికి తరువాత కొన్ని దినములు కొత్తిమీరపచ్చడి రుచింపలేదట.

2025 ఫిబ్రవరి 20వ తేదీన బయటికి తీసి నాటితిమి. నల్లని చిన్న గడ్డ మాత్రమే మిగిలియుండెను. ఇదియు చచ్చినదని నేననుకొంటిని, పైకి అనలేదు. తమ్ముడు రోజును వంగి చూచెడివాడు. పదునాలుగవనాడు నన్ను చేయిపట్టుకొని లాగుకొనిపోయెను. నడుమ ఆవగింజంత ఆకుపచ్చ కొన కనబడినది.

ఏప్రిలులో సన్నని పూకాడ లేచినది. పువ్వు పూచినచో మొక్క అలసిపోవును, కాడను చిన్నదిగా నున్నప్పుడే కత్తిరింపవలెనని చదివితిని. తమ్ముడు ఒప్పుకొనలేదు. ఇద్దరమును రెండు దినములు వాదులాడితిమి. ఒక్క యేడు చూతమని నేనే తగ్గితిని. కాడ జానెడెత్తు పెరిగి తెల్లని పూలు పూచినది. పూలు అంత యెత్తున పూయుటకు కారణము, పుప్పొడి మోయు తేనెటీగలు క్రింది బోనులలో పడకుండుటకని కొందరి తలంపు. ఉత్తర కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2018లో ప్రకటించిన పరిశోధనలో, ఈ పూలకు ముఖ్యముగా పుప్పొడి తెచ్చు కీటకములు బోనులలో కనబడలేదు. మొక్క ఆ వేసవి కొంత చిక్కినమాట నిజము. వాననీరు తగిలిన పిమ్మట కోలుకొన్నది.

ఈ మొక్కను గూర్చి మొదట లోకమునకు తెలిపినవాడు ఉత్తర కరోలినా గవర్నరైన ఆర్థర్ డాబ్స్. 1759లో లండనులోని పీటర్ కాలిన్సన్‌కు జాబు వ్రాసెను. పదేండ్లకు జాన్ ఎల్లిస్ దానికి డయోనియా మస్సిపులా అని శాస్త్రనామము పెట్టి లిన్నేయస్ పండితునకు వర్ణన పంపెను. మస్సిపులా యన లాటినులో ఎలుకలబోనట. ఈగలబోను కాదు. పేరు పెట్టునప్పుడు పొరపడుట పెద్దలకును కలదని తెలిసి నాకు కొంత ఊరట కలిగినది. లిన్నేయస్ అంతటివాడు సైతము, పురుగు కదలిక మానగానే ఆకు తెరచి దానిని విడిచిపెట్టుననియే తలచెనట. మొక్క జంతువును తినుట ఆయన నమ్మలేకపోయెను.

ఈ వ్యాసము వ్రాయునాటికి నేను పదియవ తరగతికి వచ్చితిని. మొన్న నవంబరు చివర రెండవ శీతనిద్రకై మొక్కను పెకలింపగా గడ్డ రెండుగా చీలియుండెను. విడదీసి రెండు సంచులలో చుట్టితిమి. ఒకటి నాది, ఒకటి వానిది. వేపమొక్కను పుచ్చుకొన్న ఆ ప్రక్కవాడు ఇప్పుడును వాని స్నేహితుడే. చెట్టు వాని ఇంటి యెదుట ఇద్దరియెత్తును మించి పెరిగినది. ఫిబ్రవరిలో తన మొక్కను ఆ బాలునకు చూపుటకు తీసికొనిపోవునట. నాయనమ్మ రెండు డబ్బాలకు చోటియ్యనన్నది గాని, మరునాడే తానే పాలగిన్నెను పైయరకు మార్చెను.

వాని డబ్బాపై వాడు తన చేతివ్రాతతో కాగితమంటించెను: "ఇది కొత్తిమీర కాదు. ఎవరును ఎరువు వేయరాదు. అక్క అసలే వేయరాదు."